పిన్ని దురదకు రెండు మార్కులు

ఆమెను వీధిలో అందరూ ప్రశ్నలావిడ అనేవాళ్లు. సొంత పేరు ఒకటి ఉండేది కానీ, ఆ పేరుతో పిలిస్తే ఆమె కూడా ఒక క్షణం ఆగి, ఎవరినబ్బా అని వెనక్కి తిరిగి చూసేది. భుజాన సంచి, సంచిలో ఫారాల కట్ట, రాసుకునే అట్ట, మూడు పెన్నులు, ఒక గొడుగు. ఇరవై రెండేళ్లు ఇల్లిల్లూ తిరిగి జనాన్ని ప్రశ్నలడిగింది. మీరు ఏ సబ్బు వాడతారు? ఎందుకు వాడతారు? అది మానేసి ఇంకోటి కొనాలంటే ఆ ఇంకోదానిలో ఏముండాలి? దోమల మందు, గోడల రంగులు, ఫ్యాన్లు, తలనొప్పి మాత్రలు, చివరికి కుక్కలకు పెట్టే బిస్కెట్లు కూడా. బజారులోకి వచ్చే ప్రతి వస్తువు గురించీ ముందు ఎవరో ఒకరు వెళ్లి జనాన్ని అడగాలి కదా, ఆ ఎవరో ఒకరు ఈమె. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అని సామెత. ఈమె దగ్గర అది తిరగబడింది. గేటు ముందు ఎండలో నిలబడి "రెండే రెండు నిమిషాలండీ" అని బతిమాలుకునే మనిషి ముందు చెప్పేవాళ్లంతా రాజులే.

వీధి మలుపులో ఆమె గొడుగు కనబడగానే "ప్రశ్నలావిడ వస్తోంది, తలుపేసుకోండి" అని నవ్వుకునేవాళ్లు. అయినా తలుపు తీసేవాళ్లు. ఆమె అడిగే తీరు అలాంటిది. అత్త వింటుండగా కోడలిని అడిగేది కాదు, మొగుడు వింటుండగా పెళ్లాన్ని అడిగేది కాదు. ఎవరి మాట వాళ్లు ఒంటరిగా చెబితేనే అది మాట, పదిమందిలో చెప్పేది మర్యాద అనేది. తన పెళ్లి సంగతి ఎవరైనా ఎదురడిగితే మాత్రం "ఆ ప్రశ్న నా ఫారంలో లేదండీ" అని సంచి సర్దుకునేది. పెళ్లి ఒకటి జరిగింది, రెండేళ్లకే తెగిపోయింది, పిన్ని దగ్గరికి వచ్చేసింది. అంతకుమించి అందులో కథ లేదు.

ఈ పనిలో చేరిన మొదటి వారంలోనే అప్పటి సూపర్‌వైజర్ ఆమెకు ఒక సూత్రం నూరిపోశాడు. "వాళ్లు చెప్పింది రాయి. నీకు కనిపించింది రాయకు. ఇల్లంతా దోమలు ముసురుతున్నా సరే, లేవని వాళ్లంటే లేవనే రాయి." సూత్రం మంచిదే. ఎవరికి తోచింది వాళ్లు రాసుకుంటూ పోతే ఇక జనాన్ని అడగడం దేనికి? అయితే ప్రతి ఫారం అడుగునా రెండంగుళాల గడి ఒకటి ఉండేది. దాని పేరు గమనిక. చెప్పినదానికీ కనిపిస్తున్నదానికీ పొంతన లేకపోతే ఆ సంగతి అందులో రాయాలి. కానీ రాస్తే ఆ ఫారం పక్కకు పోతుంది. తనిఖీకని ఇంకో మనిషి అదే గుమ్మం ఎక్కుతాడు, మళ్లీ అవే ప్రశ్నలడుగుతాడు, ఇంటివాళ్లు చిరాకు పడతారు, మొదట వెళ్లినవాళ్లను ఆఫీసుకు పిలిచి పూటంతా కూర్చోబెడతారు. అందుకని ఆ పనిలో ఉన్నవాళ్లెవరూ ఆ గడి జోలికి పోయేవాళ్లు కాదు. కొత్తగా చేరినవాళ్లు ఒకటి రెండుసార్లు రాసి, చెయ్యి కాల్చుకుని మానేసేవాళ్లు. ప్రశ్నలావిడ ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా రాయలేదు. ఆమె ఫారం ఒక్కటీ వెనక్కి రాలేదు. అందుకు ఒక ఏడాది ఆఫీసువాళ్లు చెక్క మీద ఇత్తడి రేకు కొట్టిన జ్ఞాపిక ఇస్తే, పిన్ని తనే మేకు కొట్టి గోడకు తగిలించింది.

పిన్ని అంటే సొంత పిన్నే, తల్లికి చెల్లెలు. తల్లి పోయేనాటికి ప్రశ్నలావిడకు ఆరేళ్లు. పిన్ని తన పెళ్లి మాట పక్కనపెట్టి, కుట్టుమిషను తొక్కి పెంచింది. బడి యూనిఫారాలు కుట్టేది. చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఏ పిల్లాడి లాగు మోకాలి దగ్గర ఏ నెలలో చిరుగుతుందో ఆవిడకు తెలుసు. నోరు పెద్దది. "నా మాట చేదు, నా కుట్టు గట్టి" అని తన గురించి తనే చెప్పుకునేది.

అలాంటి మనిషికి యాభై తొమ్మిదో ఏట కిడ్నీలు మొరాయించాయి. సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్. పూటకు నాలుగు గంటలు కుర్చీలో కదలకుండా కూర్చోవాలి. చేతిలో లావుపాటి సూదులు గుచ్చితే పిన్ని కిక్కురుమనలేదు. నీళ్లు గ్లాసుతో కొలుచుకుని తాగడానికీ అలవాటు పడింది. లొంగనిది దురద ఒక్కటే. పోవాల్సిన మలినం పోక ఒంటికి పట్టే దురద అది. పైకి పొక్కూ ఉండదు, దద్దురూ ఉండదు, గోకితే తీరదు. వీపంతా దూలగొండాకు రుద్దినట్టుండేది. గుడ్డ కొలిచే చెక్క స్కేలు మెడ వెనకనుంచి దూర్చి గోక్కునేది. బట్టల మీద సన్నగా నెత్తుటి చుక్కలు కనిపించేవి. కంటికి కునుకు కరువైంది. చెయ్యి నిలవక కుట్టు వంకర పోతోందని మిషను మీద గుడ్డ కప్పేసింది.

"కడుపులో పుండంటే జనం అయ్యో పాపం అంటారు. దురదంటే మాత్రం కిసుక్కుమంటారే. ఇదేం రోగమే, జాలి కూడా పుట్టించదు!" అనేది.

ప్రశ్నలావిడ రోజూ పొద్దున్నే పనికి వెళ్లేముందు ఆవిడ వీపుకి నూనె రాసేది. గోళ్ల గీతలు మానకముందే వాటి మీద కొత్త గీతలు పడుతుండేవి. ఆ వీపు ఎలా ఉందో డాక్టరుకు కూడా అంత తెలియదు, ఎందుకంటే డాక్టరు ముందు పిన్ని కొంగు నిండా కప్పుకుని "బాగానే ఉందండీ" అనేది.

అలా ఉండగా ఆఫీసుకు కొత్త పని వచ్చింది. పై దేశంలో ఏదో మందుల కంపెనీ సరిగ్గా ఈ దురదకే ఒక సూదిమందు చేసింది. డయాలసిస్ అయిపోయే ముందు అదే గొట్టంలోంచి ఎక్కిస్తారు. ఏ ప్రాంతంలో ఎంత దురద ఉందో తెలిస్తే మందు ఎక్కడికి పంపాలో తేల్చుకుంటామన్నారు. సూపర్‌వైజర్ తెర మీద బొమ్మ వేసి చూపించాడు. గుండ్రటి బొమ్మ, రంగురంగుల ముక్కలు. చర్మరోగాల దురద ఒక ముక్క, లివరు దురద ఒక ముక్క, కిడ్నీ దురద ఒక సన్నటి నీలం ముక్క. "ప్రపంచంలో దురద మందుల మార్కెట్ ఏటికేడాది పెరుగుతోంది" అన్నాడు, తనే దగ్గరుండి పెంచినంత గర్వంగా. వెనక కుర్చీలోంచి ఎవరో "నాకు ఇప్పటినుంచే మొదలైంది సార్" అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. ప్రశ్నలావిడకు నవ్వు రాలేదు. ఆ నీలం ముక్కలో పిన్ని ఉంది. ఈ మందు ఇక్కడికి వస్తే పిన్ని నిద్రపోతుంది. ఇన్నేళ్లూ సబ్బుల కోసం అరిగిన చెప్పులు ఇన్నాళ్లకు ఒక మంచి పనికి అరుగుతాయనుకుంది.

మొత్తం రెండువందల పన్నెండు మందిని అడగాలి. ఫారాలు వెనక్కి రాని మనిషి కదా అని పనంతా ఆమెకే అప్పగించారు. మొదటి ప్రశ్నే అసలు ప్రశ్న. గత ఇరవై నాలుగు గంటల్లో మీ దురద ఎంత? సున్నా అంటే అసలు లేదు, పది అంటే ఊహించగలిగినంత. ఏదో ఒక అంకె చెప్పాలి.

పిన్ని వెళ్లే డయాలసిస్ సెంటరు హాల్లో కుర్చీలు వరసగా ఉంటాయి. ఒక్కో కుర్చీ పక్కన బీరువా అంత మిషను గుయ్యిమంటూ ఉంటుంది. నర్సులు అటూ ఇటూ తిరుగుతుంటారు. ప్రశ్నలావిడ ముక్కాలి పీట ఒకటి లాక్కుని ఒక్కొక్కరి దగ్గరా కూర్చుంది. బస్సు డ్రైవరుగా పనిచేసిన ఆయన ఒక మడమతో రెండో పిక్కను రాపాడించుకుంటూ, "రెండు వేసుకోమ్మా, సిస్టర్లు బాగానే చూసుకుంటున్నారు" అన్నాడు. మెడ మీద చారలున్న ఇల్లాలు నర్సు వైపు ఓరగా చూసి, "అబ్బే, అంతేం లేదండీ, ఒకటి" అంది. రిటైరైన లెక్కల మాస్టారు కాసేపు ఆలోచించి, "నా సర్వీసులో పదికి పది ఎవరికీ వెయ్యలేదమ్మా. అడిగిన వెంటనే మార్కులు పారబోయకూడదు. మూడు చాలు" అన్నాడు. ఇంకో ముసలాయనైతే, "పాపం ఎండనపడి వచ్చావు, నీకెందుకమ్మా శ్రమ, తక్కువే రాసుకో" అన్నాడు. పెద్ద అంకె రాయడం ఆమెకు బరువని ఆయన ఉద్దేశం.

హెడ్ నర్సు ఇదంతా వింటూ నవ్వింది. "మొహమాటానికి పోతే కడుపైందట! పొద్దున్నే నాతో ఒళ్లు చీరేసుకుంటున్నాం సిస్టర్ అని ఏడ్చింది వీళ్లేనమ్మా."

ప్రశ్నలావిడకు తెలియక కాదు. మొగుడి ముందు పెళ్లాన్ని అడగని మనిషి, నర్సుల ముందు రోగులను అడిగింది. సూదులతో కుర్చీకి కట్టేసి ఉన్నవాళ్లను పక్కకు తీసుకెళ్లలేదు నిజమే. డయాలసిస్ లేని రోజు చూసుకుని వాళ్ల ఇళ్లకు వెళ్లొచ్చు. ఇరవై రెండేళ్లు చేసింది ఆ పనే. కానీ గడువు దగ్గర పడింది, హాల్లో అయితే పూటకు పది ఫారాలు అవుతాయి. చెప్పింది రాసుకుంటూ పోయింది. ఒకటి, మూడు, రెండు, రెండు. గీరుకుపోయిన పిక్కలనూ మెడలనూ కళ్లారా చూసింది. గమనిక గడిలో ఒక్క అక్షరం రాయలేదు.

చివరికి రెండువందల పదకొండు అయ్యాయి. రెండువందల పన్నెండో మనిషి జ్వరం వచ్చి ఆ శుక్రవారం రాలేదు. ఫారాలు సాయంత్రానికల్లా అప్పగించాలి. ఎదుటి కుర్చీలో పిన్ని కూర్చుని ఉంది. బంధువులను అడగకూడదని నియమం ఉంది. మొదటి పేజీలోనే లావు అక్షరాలతో ఉంది. ఒక్క ఫారమే కదా అనుకుంది. పైగా, లోకంలో ఈ దురద గురించి చెప్పడానికి హక్కున్న మనిషి ఎవరైనా ఉంటే అది పిన్నే అనుకుంది. పీట అటు జరుపుకుంది.

పిన్ని నిటారుగా సర్దుకుని కూర్చుంది. ఫొటో తీయించుకునేవాళ్లలా మొహం పెట్టి, ప్రశ్న మొత్తం విని, "రెండు" అంది.

"పిన్నీ, సరిగ్గా చెప్పు."

"రెండంటే రెండే. రాసుకో."

ప్రశ్నలావిడ రెండు రాసింది. పెన్ను కిందికి దిగి గమనిక గడి మీద ఆగింది. ఇక్కడ రాయాల్సింది ఒకే ఒక్క ముక్క: ఈమె వీపు నేను చూశాను, రెండు కాదు. రాస్తే తనిఖీ వస్తుంది. తనిఖీకి వచ్చినవాడు ఇంటికి వస్తే తలుపు తీసేది తనే. బంధువును అడిగిందని తేలుతుంది. ఒక్కటి తప్పయితే మొత్తం కట్ట మీద అనుమానం పడుతుంది. ఇరవై రెండేళ్ల పేరు. పెన్నుకు మూత పెట్టేసింది.

నివేదిక తయారయ్యేలోపు కంపెనీవాళ్లు నమూనాగా ఎనిమిది వారాలకు సరిపడా మందు ఆ సెంటరుకు పంపారు. రెండో వారం దాటాక ఒకరోజు పొద్దున పదింటికి పిన్ని డయాలసిస్ కుర్చీలోనే గురకపెట్టింది. ప్రాణం మీదికి వచ్చిందేమోనని నర్సు కంగారుగా తట్టి లేపితే, "ఏడాదైందమ్మా నిద్రపోయి, లేపుతావేం?" అని కసిరింది. హాలంతా నవ్వింది. నాలుగో వారం ప్రశ్నలావిడ పనినుంచి వచ్చేసరికి ఇంట్లో మిషను చప్పుడు వినిపించింది. పిన్ని ఒక చిన్న చొక్కా కాలరు కుడుతోంది. కుట్టు తాడు లాగినట్టు తిన్నగా ఉంది. "ఇదుగో చూడవే, ఈ ఒళ్లు మళ్లీ నాదైంది" అంది. ప్రశ్నలావిడ గుమ్మంలోనే చెప్పులు విప్పకుండా నిలబడి ఏడ్చేసింది. ఆ ఆరు వారాలు ఆ ఇంట్లో పండగలాగే గడిచాయి.

తొమ్మిదో వారం సోమవారం సూది వేయలేదు. ఆ మర్నాడే సూపర్‌వైజర్ ఆమెను పిలిచాడు. మంచి మనిషే, మొహం వెలిగిపోతోంది.

"మీ ఫారాలు ఎంత శుభ్రంగా ఉన్నాయంటే, కంపెనీవాళ్లకు నిర్ణయం తీసుకోవడానికి వారం కూడా పట్టలేదండీ" అని నివేదిక చేతిలో పెట్టాడు. ఈ ప్రాంతపు రోగుల్లో దురద స్వల్పం. మందు ప్రవేశపెట్టవలసిన అవసరం ప్రస్తుతం కనిపించడం లేదు. అంత లావు నివేదికలో ఆమెకు అర్థమైనవి ఆ రెండు వాక్యాలే.

"సార్, మందు వేశాక వాళ్లు నిద్రపోయారు. అది చూడలేదా?"

"చూశారు. ముందు రెండున్నది, మందు వేశాక సెంటరువాళ్లు మళ్లీ అడిగితే ఒకటైంది. రెండు ఒకటవ్వడానికి అంత మందు ఎవరు పంపుతారు చెప్పండి?"

"రెండు కాదు సార్. వాళ్లు మొహమాటానికి చెప్పారు. నేను చూశాను. నెత్తురు వచ్చేలా గోక్కుంటున్నారు."

"చూస్తే గమనికలో రాయాలి కదండీ?" అన్నాడు అతను, నిజంగానే అర్థంకాక. "రెండువందల పన్నెండింటిలో ఒక్కదాంట్లో కూడా లేదే?"

"ఇప్పుడు రాస్తాను."

"ఇప్పుడా?"

అప్పుడు ఆమె పిన్ని ఫారం సంగతి కూడా చెప్పేసింది. "ఇది పైకి చెబితే మీరు ఈ పనిలో ఉండరు" అన్నాడు. "ఉండను సార్, చెప్పండి" అంది. అతను అంతా కంపెనీకి రాశాడు. పది రోజులకు జవాబు వచ్చింది. అభిప్రాయం తెలిపినందుకు ధన్యవాదాలు, మూడేళ్ల తర్వాత ఈ ప్రాంతాన్ని మళ్లీ పరిశీలిస్తాం అని. ఆమె పని పోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం జరుగుతుందో అదే జరిగింది. ఆకులు కూడా కాలాయి, అంతే తేడా.

ఇంట్లో మాత్రం చెప్పలేకపోయింది. "స్టాకు రాలేదట పిన్నీ" అంది. ఒక అబద్ధానికి తోడు ఇంకోటి: ఆఫీసులో కొన్నాళ్లు పని తక్కువగా ఉందంది. హెడ్ నర్సును బతిమాలి, ఆమెచేత కూడా అదే చెప్పించింది. వారానికి మూడుసార్లు పిన్ని సెంటరు మెట్లెక్కి, బరువు చూపించుకోకముందే "సూది వచ్చిందా సిస్టర్?" అని అడిగేది. "ఇంకా లేదండీ" అనేది నర్సు, ఆవిడ కళ్లలోకి చూడకుండా. మూడో వారానికి దురద మళ్లీ వెనకటి చోటికే వచ్చింది. సగం కుట్టిన చొక్కా మిషను పాదం కిందే ఉండిపోయింది.

అలా రెండు నెలలు గడిచాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం నూనె రాయించుకుంటూ పిన్ని, "ఆ కంపెనీ సంగతి మీ ఆఫీసులో కనుక్కోవే. ఇన్నేళ్ల మనిషివి, నీ మాట కాదంటారా?" అంది.

ప్రశ్నలావిడ చెయ్యి ఆగిపోయింది. మొత్తం చెప్పేసింది. ఫారాలు, అంకెలు, నివేదిక, ఊడిన ఉద్యోగం, ఖాళీగా వదిలిన గడి. పిన్ని అటు తిరిగే ఉంది, కాబట్టి చెప్పగలిగింది. చెప్పడం అయ్యాక, ఆవిడ తిడుతుందని ఎదురుచూసింది. ఆ పెద్ద నోరు తనను కడిగిపారేస్తే బావుండుననుకుంది.

"నువ్వెందుకు రెండన్నావ్ పిన్నీ?" అని చివరికి అడిగింది. అంతమందిని అన్ని ప్రశ్నలడిగిన మనిషికి ఆ ఒక్కటీ అడగడానికి ఇన్నాళ్లు పట్టింది.

"పక్కన సిస్టర్లు వింటున్నారు. నువ్వేమో ఎదురుగా కూర్చున్నావు. తొమ్మిదీ పదీ అంటే మా పిల్ల నన్ను సరిగ్గా చూసుకోవట్లేదని అనుకోరూ?" అంది పిన్ని. తర్వాత మామూలుగా, తప్పుపట్టే గొంతు కాకుండా, ఒక సంగతి చెబుతున్నట్టు అంది. "అయినా రోజూ ఈ వీపు చూసేదానివి నువ్వే కదే. నేను నోటితో ఏ అంకె చెప్పినా, నువ్వు అసలుది రాసుకుంటావులే అనుకున్నాను."

పిన్ని ఆ తర్వాత పదకొండు నెలలు బతికింది. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. సూది వచ్చిందా అని సిస్టర్‌ని అడగడం కూడా ఆ సోమవారం నుంచే మానేసింది.